పుల్లరి పాఠానికి గుమ్మెట తోడు

పల్నాటి యుద్ధాన్ని దాచేపల్లి పిల్లలకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు ఇక్కడ ఇంటి మనుషుల పేర్లే. అదే 1921-22లో ఈ పల్నాడు తెల్లదొరల మీద తిరగబడిన కథ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాలుగు ముక్కలు చెప్పి ఊరుకుంటాం. కన్నెగంటి హనుమంతు పేరు తెలిసిన పిల్లలను పుల్లరి అంటే ఏమిటని అడిగి చూడండి. ఈ లోటు పూడ్చే సాధనం మన గుంటూరు సీమ చేతుల్లోనే ఉంది. అది బుర్రకథ.

తలపాగా, చిందు చూసి దాన్ని కాలక్షేపం కింద జమకడతాం గాని, ఆ కట్టుబాటు గమనించండి. మధ్యలో కథకుడు, భుజాన తంబురా, కాళ్లకు గజ్జెలు, చేతివేళ్లకు అందెలు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథకుడు చరణం ముగించగానే వంత అడ్డుపడతాడు. ఎందుకు, ఎవరు, ఎంత అని నిలదీస్తాడు. జవాబు చెప్పందే కథ ముందుకు సాగదు. చరిత్ర తరగతికి ఇంతకంటే ఏం కావాలి?

పుల్లరి కథనే తీసుకుందాం. "అడవిలో గొడ్డు మేస్తే సర్కారుకు పన్నా?" అంటాడు వంత. కథకుడు పాట ఆపి వచనంలోకి దిగాలి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం గురించి చెప్పాలి. తాతల నాటి నుంచి పశువులు తోలుకెళ్లిన అడవి ఒక్కసారిగా సర్కారుదైపోయిందని, వానలు ముఖం చాటేసిన ఏడు మెట్టరైతుకు ఆ పశువులే దిక్కని చెప్పాలి. "కట్టకపోతే?" పశువులు బందెలదొడ్డికి. "అసలు కట్టమంటే?" అదిగో, అక్కడ గుమ్మెట జోరందుకుంటుంది. పుల్లరి కట్టం అన్న ఊళ్లు, సర్కారు మనుషులకు చాకలి, మంగలి, సరుకు లేకుండా చేసిన కట్టడి, ఆ తర్వాత 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పేలిన తుపాకులు. హనుమంతు నేలకొరిగే ఘట్టంలో దరువు నెమ్మదించాలి. ఎక్కడ పాడాలో, ఎక్కడ మాట్లాడాలో, ఎక్కడ మౌనంగా ఉండాలో తెలిసినవాడే కథకుడు. ఉపాధ్యాయుడికీ అదే విద్య కావాలి.

ఈ విద్యను శిఖరానికి చేర్చిన షేక్ నాజర్ 1920లో గుంటూరు దగ్గర పొన్నెకల్లులో పుట్టారు. ప్రజానాట్యమండలి వేదికల మీద పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు చెప్పారు. బెంగాల్ కరువునూ కథ చేశారు. పాత యుద్ధం చెబుతూనే నేటి ఆకలిని తడమడం రాజకీయ వంత పని. ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆ బాణీని బడిలోకి తేవడమే ఆయనకు అంతకు మించిన గౌరవమని నా నమ్మకం.

అయితే పాట ఒక్కటే చాలదు. జనం గుండెలో ఏముందో పాట చెబుతుంది, ఏ రోజు ఏం జరిగిందో చెప్పదు. అందుకే పాట పక్కన తేదీల పట్టిక ఉండాలి. చౌరీచౌరా తర్వాత బార్డోలీలో కాంగ్రెస్ 1922 ఫిబ్రవరి 12న శాసనోల్లంఘనను ఆపేసింది. మించాలపాడు కాల్పులు ఆ తర్వాతివే. ఉద్యమం ఆగిందని పైనుంచి మాట వచ్చాక కూడా పల్నాడు ఎందుకు తగ్గలేదు? ఏ వీరగాథా నేరుగా చెప్పని ప్రశ్న ఇది. వంత నోట పెట్టి అడిగించాల్సిందీ ఇదే. ఒక పాటకు గరిమెళ్ల సత్యనారాయణను జైల్లో పెట్టిన సర్కారు భయం కూడా సాక్ష్యమే. దాన్నీ పిల్లలకు చూపించాలి.

పాటను పాటతో పోల్చే అవకాశం ఈ నేలకు మరింత ఉంది. పల్నాటి కథ శ్రీనాథుడి పేర ద్విపదలో ఉంది, కారంపూడిలో వీరవిద్యావంతుల గొంతుల్లోనూ ఉంది. కార్తీకంలో ఐదు రోజుల వీరుల పండుగకు వాళ్లు పాడతారు. ఒకే యుద్ధం రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు వినిపిస్తుంది? పాడేదెవరు, వినేదెవరు? నాగమ్మ వైపు నుంచి చెబితే కథ ఎలా ఉండేది? ఇలా అడగడం నేర్చిన పిల్ల పుల్లరి పాటనూ ఊరికే వినదు.

ఆ గాయకులను పండుగ నాడు మాత్రమే తలుచుకుంటే సరిపోదు. బడికి పిలిచి, తగిన పారితోషికం ఇచ్చి, కనీసం ఒక పూట పాడించాలి. తర్వాత పిల్లలే ముగ్గురేసి జట్లుగా విడిపోయి మించాలపాడు కథ కట్టాలి. ఒకరు కథకుడు, ఇద్దరు వంతలు. మార్కులు మాత్రం బాగా పాడినవాళ్ల కంటే ముందు, పదునైన ప్రశ్న అడిగిన వంతకే వేయాలి.