మేకు కొట్టని ఇల్లు

మలయ్ పల్లె ఇంటిని చూడబోయినవాళ్ళు ముందు చెక్కడపు పని మీద, ఏటవాలు కప్పు మీద చూపు నిలుపుతారు. నన్నడిగితే మొదట వంగి ఇంటి కిందికి చూడమంటాను. స్తంభాలను నేలలో పాతరు. ఒక్కో స్తంభం ఒక్కో రాతి మీద ఆని ఉంటుంది, అంతే. ఇంత ఇల్లూ తన బరువుతోనే నిలబడుతుంది. దాని పనితనం తెలియాలంటే అక్కణ్ణించే మొదలుపెట్టాలి.

కౌలాలంపూర్ శివార్లలో, సెలాంగోర్ రాష్ట్రంలోని కువాంగ్‌లో, రింబున్ దాహాన్ అనే కళాకేంద్రం ఉంది. గుబురుగా పెరిగిన కొమ్మలని ఆ పేరుకు అర్థం. ఈ 14 ఎకరాల తోటను హిజ్జాస్ కస్తూరి అనే ఆర్కిటెక్టు, ఆయన భార్య ఏంజెలా కలిసి పెంచారు. కౌలాలంపూర్‌లో మేబ్యాంక్ టవర్ ఆయన రూపకల్పనే. వెదురు మొలకను తలపించే టెలికాం టవర్ కూడా ఆయనదే. అన్ని అంతస్తుల మేడలు కట్టించిన మనిషి, పేరాక్ రాష్ట్రంలో 20వ శతాబ్దపు తొలినాళ్ళలో కట్టిన ఉడా మనాప్ ఇంటిని విప్పించి తెచ్చి, తన తోటలో మళ్ళీ నిలబెట్టించారు. తరవాత పెనాంగ్ నుంచి మరో పాత ఇల్లూ ఇక్కడికే చేరింది.

ఇల్లు ‘విప్పడం’ అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఈ ఇళ్ళను కట్టే పద్ధతిని మలయ్ వడ్రంగులు ‘తంగం’ అంటారు. స్తంభానికి ఆరపార బెజ్జం తొలుస్తారు. దూలం కొసను ఆ కొలతకే చెక్కి అందులోంచి దూరుస్తారు. మిగిలిన సందులో, ఒక వైపు పలచగా చెక్కిన కర్రముక్కను సుత్తితో దిగగొడతారు. దాంతో పట్టు బిగుస్తుంది. అవసరమైన చోట కర్ర చీల వేస్తారు తప్ప ఇనప మేకు జోలికి పోరు. ఏళ్ళు గడిచి కర్ర ఎండితే పట్టు వదులవుతుంది, అప్పుడు ఆ ముక్కను ఇంకో దెబ్బ కొడితే సరి. అదే ముక్కను వెనక్కి తన్నిస్తే దూలం చేతికొస్తుంది. చిన్న ఇళ్ళనైతే విప్పే పని కూడా పెట్టుకోకుండా, ఊరంతా కలిసి భుజాలకెత్తుకుని మరో చోటికి మోసుకెళ్ళేవారు.

స్తంభాలకు పేరున్న కలప చెంగాల్. మలయ ద్వీపకల్పపు అడవుల్లో పెరిగే ఈ చెట్టు కర్ర బరువుగా ఉంటుంది, చెదలకు లొంగదు. ఇంటికి ముఖ్యమైన స్తంభం ‘తియాంగ్ సెరి’. ఆ సెరి మన శ్రీయే, సంస్కృతం నుంచి మలయ్‌లోకి వెళ్ళింది. మన పూరిళ్ళకు నిట్టాడు ఎలాగో, వాళ్ళ ఇంటికి ఇది అలాగ. దాన్ని ఎత్తేటప్పుడు పైకొసన ఎరుపు, తెలుపు, నలుపు గుడ్డలు పెట్టే ఆచారం ఉంది.

కొలతకు సాంప్రదాయికంగా వాడింది ఇల్లాలి బార. ఆమె రెండు చేతులూ చాపితే వచ్చే పొడవును బట్టి ఇంటి పొడవు వెడల్పులు తేల్చేవారు. ఇంట్లో ప్రధాన భాగం పేరు ‘రుమా ఇబు’. ఇబు అంటే అమ్మ. ముందు వసారా అయిన ‘సెరాంబి’ దానికంటే ఒక మెట్టు దిగువన ఉంటుంది, వంటిల్లు ఇంకా దిగువన. మగ అతిథి సెరాంబిలోనే కూర్చుంటాడు. గోడ, గొళ్ళెం లేకుండా ఒక్క మెట్టుతో ఇంటి మర్యాద చెప్పడం నన్ను ఎంతగానో ఆకట్టుకుంది. డబ్బు సమకూరినప్పుడు ఈ అమ్మగదికే మరో భాగం కలుపుకుంటూ పోతారు. పెళ్ళయి బిడ్డలు పుట్టిన కొద్దీ ఇల్లూ పెరుగుతుంది. లిమ్ జీ యువాన్ 1987లో ‘ది మలయ్ హౌస్’ అన్న పుస్తకంలో ఈ పద్ధతినంతా బొమ్మలు గీసి వివరించాడు.

అక్కడి ఎండా ఉక్కపోతా మన కోస్తావాళ్ళకు కొత్త కాదు. నేల దాకా దిగే కిటికీలు తెరిస్తే, చాప మీద కూర్చున్న మనిషి ఒంటికే గాలి తగులుతుంది. పలకల సందుల్లోంచి కిందిగాలి పైకొస్తుంది. గోడల పైభాగాన చెక్కిన పూలతీగల పలకలు అందానికే అనుకుంటాం. ఇంట్లో వేడిని బయటికి పంపేదీ అవే. పాత రోజుల్లో కప్పుకు నీపా అనే తాటిజాతి చెట్టు ఆకు వాడేవారు. ఆకులను ఒక బద్ద మీద మడిచి వరసగా కుట్టి, ఆ బద్దలను ఒకదాని మీద ఒకటి పరిచేవారు. ఎండ వాలగానే ఆ కప్పు చల్లబడుతుంది. దాని చోట రేకులు వేసిన ఇల్లు మధ్యాహ్నానికి కొలిమి అవుతుంది. ఇది అక్కడ జరిగిన నష్టమే.

ఇంటి చుట్టూ చెట్టుంటేనే ఈ గాలి లెక్క కుదురుతుంది. ఆగ్నేయాసియాలో పుట్టిన చెట్లకే ఏంజెలా రింబున్ దాహాన్ తోటలో పెద్దపీట వేశారు. నీడ, పండు, మందు, కూరలో వేసే ఆకు, అన్నీ పెరటిలోనే దొరికే మలయ్ పల్లె వరస అది.

1994 నుంచి చిత్రకారులు, రచయితలు, నర్తకులు ఇక్కడ నెలల తరబడి ఉండి పనిచేసుకుంటున్నారు. పాత ఇంటికి అంతకన్నా మంచి సంరక్షణ ఉండదని నా నమ్మకం. మనిషి నడిచే నేలపలక ఏది కదిలిందో ఆ రోజే తెలుస్తుంది. తాళం వేసిన ఇంట్లో అది పుచ్చిపోయాక గాని తెలియదు.

మలేషియాలో ఉన్న మన తెలుగువాళ్ళూ, అక్కడికి వెళ్ళేవాళ్ళూ జంట టవర్ల దగ్గరే ఆగిపోకుండా ఒక పూట ఇటు కేటాయించుకోండి. ముందుగా అడిగి వెళ్ళండి, ఇది ఒక కుటుంబం నివసించే చోటు. చెప్పులు మెట్ల కిందే విడవండి. వెనకటికి అక్కడ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళ జాడీ ఉండేది.