క్లిక్కు లేని భజన

ఇంట్లో రికార్డింగ్ స్టూడియో పెట్టాలనుకునేవాళ్లు ముందు మైకు గురించి అడుగుతారు. కోలారు జిల్లాలో మా లక్కూరు వైపు అయితే ముందు బోరు బండి గురించి అడగాలి. వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేని నేల ఇది. రాత్రిపూట ఏ పొలంలోనో బండి దిగి కంప్రెసర్ మొదలైందంటే ఆ పూటకి పాట లేనట్టే. ఎంత ఖరీదైన మైకైనా పాటతోపాటు దాన్నీ శ్రద్ధగా వింటుంది.

గోడల విషయంలో మాత్రం మాకు లోటు లేదు. మా మాలూరు తాలూకా ఇటుకలకూ పెంకులకూ పేరుపడ్డ చోటు. బయటి శబ్దాన్ని ఆపేది బరువు కాబట్టి మందపాటి ఇటుక గోడే సగం పని చేస్తుంది. తలుపు కింద సందు వదిలేస్తే ఆ బరువంతా దండగ. లోపలి గొడవ వేరు. ఎదురెదురు గోడల మధ్య పది అడుగులుంటే 56 హెర్ట్జ్ దగ్గర గది తనే మోగడం మొదలుపెడుతుంది. గుడ్ల అట్టలు అంటిస్తే అది తగ్గదు, పల్చటి ఫోమ్‌కీ లొంగదు. మూలల్లో బాగా మందంగా దూది పరుపులు నిలబెట్టాలి. పాత పెంకుటిల్లు ఉన్నవాళ్లు దాన్నే వాడుకోమంటాను. ఏటవాలు కప్పు ప్రతిధ్వనిని చెదరగొడుతుంది. బయటి చప్పుడు కాస్త దూరుతుంది గానీ, కాంక్రీటు గది మోతకంటే నయం.

ఇక సామాను. రెండు మైకులు పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్, కండెన్సర్ మైకులు రెండు, మామూలు ల్యాప్‌టాప్. కండెన్సర్‌కి 48 వోల్టులు కావాలి, ఇంటర్‌ఫేస్ మీద దానికో బొత్తాం ఉంటుంది. ఆడాసిటీ ఉచితం, మొదలుపెట్టడానికి అది చాలు. గుయ్‌మని మోత వస్తే ముందు చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. అప్పటికీ పోకపోతే ఇంటి ఎర్తింగ్ చూపించుకోవాలి. సామాను గురించి ఇంతకంటే చెప్పాలని లేదు.

అసలు చిక్కు సాఫ్ట్‌వేర్ తెరవగానే ఎదురవుతుంది. టెంపో ఎంత అని అడుగుతుంది, టక్ టక్‌మని క్లిక్కు వినిపిస్తుంది. ముందు తాళం, దానిమీద హార్మోనియం, ఆపైన గొంతు, ఒక్కొక్కటిగా పేర్చుకోమంటుంది. అమెరికాలో గిటారిస్టు లెస్ పాల్ తన గ్యారేజీలో సాధన చేసి, 1951లో భార్య మేరీ ఫోర్డ్‌తో కలిసి లోకానికి వినిపించిన పద్ధతి అది. సినిమా పాటకు అది వరం. రెహమాన్ 1989లో ఇంటి వెనక పెట్టుకున్న స్టూడియో మూడేళ్లకు ‘రోజా’తో ఏం చేసిందో మనకు తెలుసు.

మా దగ్గర రికార్డు చేయాల్సింది మాత్రం కైవారం తాతయ్య అనే యోగి తత్త్వాలు. 2007లో మా జిల్లా చీలి ఆయన ఊరు కైవారం చిక్కబళ్లాపురం జిల్లాలోకి వెళ్లింది గానీ, ఆయన తెలుగు తత్త్వాలు ఇక్కడి భజనల్లోనే ఉన్నాయి. భజన ఒక టెంపోలో మొదలై ఇంకో టెంపోలో ముగుస్తుంది. ఊపు పెరగడమే దాని నడక. దాన్ని క్లిక్కుకి కట్టేస్తే పాట మిగులుతుంది, భజన పోతుంది. ఆ క్లిక్కు వినడానికి పెద్దవాళ్లకి హెడ్‌ఫోన్ పెట్టి చూడండి. ఒక అవ్వ తీసి నా చేతిలో పెట్టేసింది: “ఏమప్పా, ఇది చెవుల్లో పెట్టుకుంటే పక్కనున్నోళ్లు ఏం పాడతాండారో నాకెట్ల తెలుస్తుంది?”

ఆమెది సాంకేతికంగా కూడా సరైన మాటే. కంప్యూటర్ 256 శాంపిళ్ల బఫర్ పెట్టుకుంటే, 48 కిలోహెర్ట్జ్ దగ్గర, దాదాపు 5 మిల్లీసెకన్ల ఆలస్యం. గాలిలో శబ్దం ఆ వ్యవధిలో ఆరడుగులు పోతుంది. భజనలో ఎదుటివాళ్ల తాళం వినడానికీ అంతే పడుతుంది, అది వాళ్లకు అలవాటే. కంప్యూటర్ శబ్దం లోపలికి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ ఆలస్యం చేసి, పైగా ఎదుటి మనిషిని మాయం చేస్తుంది.

కాబట్టి పాత పద్ధతే మేలు. శివనసముద్రం కరెంటు కోలారు గనులకు చేరిన 1902లోనే కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాట రికార్డుకెక్కింది. అప్పుడు మిక్సింగ్ లేదు, శబ్దాన్ని పట్టే కొమ్ము ఒక్కటే. బిగ్గరగా మోగేదాన్ని వెనక్కి జరిపేవారు, మెత్తటి గొంతుని ముందుకు తెచ్చేవారు. నేనూ అందర్నీ గుండ్రంగా కూర్చోబెడతాను. రెండు మైకులు మధ్యలో, తల ఎత్తున. తాళాలవాళ్లు గోడ పక్కకి, హార్మోనియం కాస్త ఎడంగా, పాట ఎత్తుకునే మనిషి మైకులకు దగ్గరగా. ఇంకెవరి గొంతైనా మునిగిపోతుంటే చాపని జానెడు ముందుకి లాగితే సరిపోతుంది.

24 బిట్లలో గంట రికార్డింగ్ ఒక జీబీ కంటే కాస్త ఎక్కువ. ఈ రోజుల్లో అదో లెక్క కాదు. అందుకే పాటకీ పాటకీ మధ్య బొత్తాం నొక్కి ఆపొద్దంటాను. ఈ చరణం మా అమ్మ ఇంకోలా పాడేది, ఇది పుట్టింటి నుంచి తెచ్చుకున్నది అని వాళ్లు చెప్పుకునేది సరిగ్గా అప్పుడే.