ఏమీ ఫీలవకండి

రెండేళ్ల క్రితం ఒక మిత్రుడు తన కథను అచ్చుకు పంపేముందు నాకు చూపించాడు. కూతురు ఇల్లు కొన్న సంగతి పక్కింటివాళ్ల ద్వారా తెలిసిన తండ్రి, ఆ కూతురితో "నేనేం ఫీలవలేదమ్మా" అంటాడు. ఆ మాట కింద గీత గీసి, "బాధపడలేదు అనొచ్చుగా, తెలుగులో మాటల్లేవా?" అని రాశాను. మిత్రుడు మార్చేశాడు. కథ అలాగే అచ్చయింది. తప్పు నాదే.

ఇంగ్లిష్‌లో ఫీల్ మొదట చేతికి సంబంధించిన మాట. తాకి చూడటం, తడమడం. అక్కణ్ణుంచి ఒంటికి తెలిసే చలి, మనసుకు తెలిసే దిగులు, చివరికి అభిప్రాయం దాకా వెళ్లింది. ఆఫీసు మీటింగుల్లో 'ఐ ఫీల్' అంటే చాలాసార్లు 'నా ఉద్దేశం' అనే.

తెలుగులోకి వస్తూ ఇది చేతిని అక్కడే వదిలేసింది. చీర నేత ఎలా ఉందో "పట్టుకు చూడండి" అంటాం గానీ "ఫీలవండి" అనం. పైగా ఇంగ్లిష్‌లో 'ఐ ఫెల్ట్' అని ఆపేస్తే ఎదుటివాళ్లు మిగతా మాట కోసం చూస్తారు. సంతోషమా, సిగ్గా, నీరసమా? మనకు "ఫీలయ్యాను" అంటే చాలు, నొచ్చుకున్నానని అర్థమైపోతుంది. అదే ముందు ఒక 'లా' చేరిందా, "పెద్ద హీరోలా ఫీలవుతున్నాడు", నొప్పి పోయి గొప్ప వచ్చేస్తుంది!

"పాటలో ఫీల్ ఉంది" అనేది మూడోది. దీన్ని మన విమర్శకులు అనుభూతి అంటారు. అనుభూతి, భావం రెండూ ఉండటం, అవడం అనే అర్థమున్న 'భూ' ధాతువు నుంచి వచ్చినవే. ఫీల్‌కి మనం తగిలించుకున్నదీ 'అవు'నే కదా. అయితే "కవిత మంచి ఫీల్ ఇచ్చింది" అని రాయడం మాత్రం బద్ధకం. ఏ ఫీలో చెప్పడమే విమర్శకుడి పని. నేనూ అలా రాసి తప్పించుకున్న సందర్భాలున్నాయి.

మరి నొచ్చుకోవడం, చిన్నబుచ్చుకోవడం, అలగడం ఉండగా ఇదెందుకు? బాధపడ్డానంటే బాధపెట్టినవాళ్లు ఎవరో తేలాలి. అలిగానంటే ఎవరో ఒకరు బుజ్జగించాలి. ఫీలయ్యానంటే అంత లెక్క తేల్చక్కర్లేదు. అందుకే ఇచ్చిన అప్పు అడిగేముందు కూడా "ఏమీ ఫీలవకండి" అంటాం.

ఈ సంక్రాంతికి రిలీజు పని పడి ఊరికి వెళ్లలేకపోయాను. ఫోన్లో నాన్న, "నేనేం ఫీలవలేదు లేరా, మీ అమ్మే కాస్త..." అన్నారు. ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి. తెలుగు రాక అన్న మాట కాదది. "బాధపడలేదు" అంటే బాధ అనే మాట నోటిదాకా రావాలి. అది వస్తే నేను క్షమాపణ చెప్పుకోవాలి. ఆ అవసరం నాకు రాకుండా చూశారు.

కథలో తండ్రి కూడా కూతురి కోసం ఆ పనే చేశాడు. నేను భాషను శుభ్రం చేస్తున్నాననుకుని అతని మర్యాద తీసేశాను. పాత్ర నోట్లో ఇంగ్లిష్ మాట కనిపిస్తే అది ఎక్కడ పుట్టిందని కాదు, అక్కడ ఏం పని చేస్తోందని అడగాలి.

సంపుటిలో వేసేటప్పుడు పాత మాటే పెట్టమని మిత్రుడికి చెప్పాను. "సర్లే, నువ్వు ఫీలవకు" అన్నాడు.