గోడమీది దేవుడు, కాగితంమీది దయ్యం

దేవతల కథలూ దయ్యాల కథలూ ప్రజలను మభ్యపెట్టడానికే పుట్టాయని తీర్పు చెప్పడం తేలిక. కాని ఆ తీర్పుతో అభ్యుదయ విమర్శకుడి బాధ్యత తీరిపోదు. మానవాతీత పాత్ర ఎవరి పక్షాన నిలిచిందన్నది తేల్చవలసిన ప్రశ్న.

జపాను కబుకి నాటకాన్నే తీసుకుందాం. పదిహేడవ శతాబ్దిలో సకురా సోగొరో అనే గ్రామపెద్ద, పన్నుల భారం మోయలేని రైతుల తరపున ఏకంగా షోగన్‌కే అర్జీ పెట్టుకున్నాడనీ, ఆ నేరానికి అతన్నీ అతని కుటుంబాన్నీ చంపించారనీ అక్కడి జనశ్రుతి. 1851లో ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, ఈ కథను ఆడారు. పాలకులకు జడిసి కథను పాతకాలానికి జరిపారు; నాయకుడి పేరును అసకురా తోగోగా మార్చారు. చనిపోయిన రైతు దయ్యమై ప్రభువును వెంటాడే పాత్రను నాలుగవ ఇచికావా కొదాంజి ధరించాడు. ఆ రూపాన్ని కునియోషి గీస్తే, చెక్కమీద చెక్కి, కాగితంమీద అచ్చువేసి అమ్మారు. నటుల బొమ్మల అచ్చును 1842లో నిషేధించిన ప్రభుత్వమే అప్పటికీ ఏలుతున్నది. అర్జీ పెట్టడమే నేరమైన రాజ్యంలో, చచ్చినవాడు తప్ప నిజం చెప్పగలిగిన వాడెవడు? రైతు ఫిర్యాదు దయ్యం వేషంలో సామాన్యుడి ఇంటికి చేరింది.

మన దేశంలోనూ వేషధారి బొమ్మ ఇళ్లకు చేరింది. కె.వి. రెడ్డి తీసిన ‘మాయాబజార్’ (1957)లో పాండవుల ఆస్తి పోగానే శశిరేఖను అభిమన్యుడికి ఇస్తామన్న మాటను ఆమె తల్లిదండ్రులు మరిచిపోతారు. ఆ ధనవ్యామోహాన్ని నవ్వులపాలు చేసేది అడవిలో పుట్టిన రాక్షసుడు, ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడు. అయితే క్యాలెండరుకెక్కి దేవుడి పటాల సరసన చేరింది సూత్రధారి కృష్ణుడు, ఎన్.టి. రామారావు. ఆయన 1982లో తెలుగుదేశం స్థాపించి 1983లో అధికారానికి వచ్చారు. ఆ గెలుపును పటం మహిమగా కొట్టివేయడం ప్రజల వివేకాన్ని అవమానించడమే. కిలో బియ్యం రెండు రూపాయలన్న హామీ విలువ ఆకలిగొన్నవాడికి తెలుసు. కాని న్యాయం పైనుంచి దిగివస్తుందనీ, మనం చేతులు జోడిస్తే చాలుననీ ఆ పటం ఒక అలవాటు నేర్పింది.

తోగో దయ్యానికీ పరిమితి లేకపోలేదు. అతడు ఒంటరిగా పగ తీర్చుకుంటాడు. అతని వెనుక గ్రామాలు కదలవు. అయినా అతడు కింది నుంచి లేచినవాడు. మన పురాణాలలోనూ అలా లేచిన పాత్రలున్నాయి. వాటిని వెతికి ప్రజల ముందు నిలపడం మన రచయితల పని. ఘటోత్కచుణ్ణి ఇంకెంతకాలం కృష్ణుడి వెనుక నిలబెడదాం?