ఆఫీసు బొమ్మ గీసేవాళ్లు

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో బిజినెస్ ఎనలిస్టులంటే కోడింగ్ రానివాళ్లని ఓ చిన్నచూపు ఉంది. నాకైతే వాళ్ల పనే కష్టమనిపిస్తుంది. ఒక సంస్థలో పని నిజంగా ఎలా నడుస్తుందో కాగితం మీద పెట్టాలి మరి.

గీసే పద్ధతి పెద్ద విద్యేం కాదు. 1921లోనే అమెరికాలో గిల్‌బ్రెత్ దంపతులు ప్రాసెస్ చార్టులు చూపించారు. ఇప్పుడు పని నడకను గీసేందుకు బీపీఎంఎన్ అనే గుర్తుల పద్ధతి ఉంది: పనికి గుండ్రటి మూలల డబ్బా, దారి చీలేచోట డైమండ్, ఒక్కో విభాగానికి ఒక్కో పట్టీ.

పనితనమంతా అడగడంలోనే. "బిల్లు వస్తే ఏం చేస్తారండీ?" అంటే మేనేజరుగారు రూల్సు చెబుతారు. మంచి ఎనలిస్టు అక్కడితో ఆగదు. గుమాస్తా పక్కన కుర్చీ లాక్కుని, "నిన్న వచ్చిన బిల్లొకటి చూపించండి" అంటుంది. అప్పుడు బయటపడతాయి ఆయన సొంత ఎక్సెల్ షీటు, సారు ఊళ్లో లేనప్పుడు వాట్సాప్‌లో వచ్చే 'ఓకే', స్టోర్సుకు కొట్టే ఫోను. వీటిని వదిలేసి కొత్త సాఫ్ట్‌వేర్ పెడితే బిల్లులు పేరుకుపోతాయి. ఉన్నదున్నట్టు గీస్తే గుమాస్తాకు మాటొస్తుంది. ఆ ఇరుకులోంచి నేర్పుగా బయటపడటమెలాగో ఏ సర్టిఫికెట్ కోర్సులోనూ చెప్పరు.

1951లో పరిశోధకులు ట్రిస్ట్, బామ్‌ఫోర్త్ బ్రిటన్ బొగ్గుగనుల గురించి రాసిందీ ఇలాంటిదే: ఉన్న పని తీరును పట్టించుకోకుండా కొత్తది పెడితే ఏమవుతుందో. యంత్రాలతో వచ్చిన లాంగ్‌వాల్ పద్ధతి, ఒకరికొకరు ఆసరాగా ఉండే చిన్న జట్లను చీల్చేసింది. ఉత్పత్తి ఆశించినంత రాలేదు.

బొమ్మ పూర్తయ్యాక మంచి ఎనలిస్టు మొదట చూపించేది గుమాస్తాకే. "ఈ బాణం ఇటు కాదమ్మా, మళ్లీ నా దగ్గరికే వస్తుంది" అంటాడాయన పెన్ను తీసుకుని.