ముందు పాఠం, ఆ తర్వాతే పుట

వెబ్‌సైటు రూపకల్పనలో డిజైనరుకూ క్లయింటుకూ మధ్య తలెత్తే తగాదాలు పైకి రంగుల గురించో, లోగో పరిమాణం గురించో, మొదటి పుటలో ఎవరి ఫొటో ఉండాలన్న దాని గురించో జరుగుతున్నట్టు కనిపిస్తాయి గానీ, వాటి మూలం వెతికితే దాదాపు ప్రతిసారీ తేలేది ఒకటే: పుటల్లో ఉండవలసిన పాఠాన్ని ఎవరు రాసివ్వాలి, ఎప్పటికి ఇవ్వాలి, పూర్తయిన పని ఎవరి సొత్తవుతుంది అన్న సంగతులు పని మొదలుకాక ముందే తేల్చుకోకపోవడం. అభిరుచుల్లో తేడాలు కూర్చుని మాట్లాడుకుంటే సర్దుకుంటాయి. తేల్చుకోని షరతులు మాత్రం చివరి బిల్లు చేతికిచ్చిన రోజున బయటపడతాయి.

ఈ వృత్తిలో పాతుకుపోయిన అలవాటు ఒకటుంది. క్లయింటు నుంచి అసలు పాఠం అందేలోపు, పుట ఎలా ఉండబోతుందో చూపడానికి ‘లోరెమ్ ఇప్సమ్’ అని పేరుపడ్డ అర్థం లేని లాటిన్ వాక్యాలను నింపి నమూనా తయారుచేస్తారు. ఇంగ్లీషు సైటుకు దీనివల్ల కలిగే నష్టం కొద్దిపాటిదే కావచ్చు గానీ, తెలుగు సైటు విషయంలో అది తనను తాను మోసగించుకోవడంతో సమానం. లాటిన్ అక్షరాల్లో ఎక్కువ భాగం ఒక గీత మీద నిలబడగా, తెలుగులో గుడీ తలకట్టూ పైకి, వత్తులు కిందికి చోటు అడుగుతాయి. ‘రాష్ట్రం’ వంటి మాటలో ఒకే అక్షరం కింద రెండు వత్తులు వచ్చి చేరతాయి. లాటిన్ నమూనాలో పొందికగా కనిపించిన వరుసల ఎడంలో తెలుగు పోసినప్పుడు పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి, బటన్ల లోపల వత్తులు సగానికి తెగిపోతాయి. అందువల్ల అక్షర పరిమాణానికి 1.6 నుంచి 1.8 రెట్ల దాకా వరుసల ఎడం పెట్టుకోవడం తెలుగు పుటకు క్షేమం. పదాల పొడవు మరో చిక్కు. సంధులూ విభక్తులూ కలిసిపోయి ‘దరఖాస్తుదారులందరికీ’ అన్నది ఒక్క పదంగా నిలబడినప్పుడు, ఇంగ్లీషులో ఐదారక్షరాల మాటలకు సరిపోయేటట్టు గీసిన మెనూ 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోను తెర మీద చిందరవందర అవుతుంది. తెలుగుకు పెద్దబడి అక్షరాలు లేవు, చాలా ఫాంట్లలో అసలైన వాలు అక్షరాలూ ఉండవు. కాబట్టి శీర్షికకూ ఉపశీర్షికకూ తేడా చూపడానికి ఇంగ్లీషు డిజైనరు వాడే రెండు ముఖ్యమైన ఉపాయాలు ఇక్కడ పనికిరావు. పరిమాణం, బరువు, ఖాళీ స్థలం, రంగు మాత్రమే మిగులుతాయి. వీటిని సరిగా లెక్కకట్టాలంటే అసలు తెలుగు పాఠమే, కనీసం అందులో మూడో వంతయినా, ముందుగా చేతిలో ఉండాలి.

ఆ పాఠం ఏ రూపంలో వస్తుందన్నది ఇంకా పెద్ద సంగతి. ప్రచురణ సంస్థలు, చిన్న పత్రికలు, ఆలయ కమిటీలు, కళాశాలలు తమ దగ్గరున్న సమాచారాన్ని ‘అంతా టైపు చేసే ఉంది’ అని భరోసాగా ఇస్తాయి. ఇచ్చింది తెరిచి చూస్తే అది డీటీపీ కేంద్రంలో అను ఫాంట్లతో కూర్చిన పేజ్‌మేకర్ ఫైలై ఉంటుంది. ఆ తరం ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంకేతాల స్థానంలోనే తెలుగు అక్షర ఖండాలను చూపేవి. ఆ ఫాంటు లేని యంత్రంలో, అంటే పాఠకుడి ఫోనులో, అదే పాఠం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా మారిపోతుంది. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్యను నిర్ణయించే యూనికోడ్ 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చి, 128 స్థానాల గడి కేటాయించింది. వెతుకులాట యంత్రాలు గానీ, చూపు లేనివారికి పుటను చదివి వినిపించే సాధనాలు గానీ గుర్తించేది ఈ సంఖ్యలనే. పాత పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి, వాటితో పని చాలావరకు జరుగుతుంది. అయితే పాత ఫాంట్లలో కొన్ని వత్తులూ గుణింతపు గుర్తులూ కంటికి కనిపించే క్రమంలో దాచి ఉండడం వల్ల మార్పిడిలో అక్కడక్కడ అక్షరాలు తారుమారవుతాయి, దాంతో ప్రతి పుటనూ తెలుగు బాగా వచ్చినవారు ఒకసారి చదివి దిద్దవలసి వస్తుంది. ఈ చదివి దిద్దే పని కొటేషన్‌లో వేరే పద్దుగా కనిపించకపోతే అది ఎవరో ఒకరు ఉచితంగా చేయవలసిన చాకిరీ అవుతుంది, ఆ ఎవరో ఒకరు సాధారణంగా డిజైనరే.

ఫాంటు ఎంపికలో లైసెన్సు మాట మరవడం కూడా మామూలే. అచ్చు పనికి కొన్న ఫాంటును సర్వర్‌లో పెట్టి ప్రపంచానికి పంచే హక్కు దానితోపాటు రాదు. సిలికానాంధ్ర, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సహకారంతో వెలువడిన మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ వంటి స్వేచ్ఛా ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతున్నాయి గనుక ఈ చిక్కును తప్పించుకోవడం ఇప్పుడు కష్టం కాదు.

పాఠం రాబట్టడం ఒక నేర్పు. ‘మీ సంస్థ గురించి రాసివ్వండి’ అని అడిగితే వచ్చేది వ్యవస్థాపకుల దీక్షాదక్షతల వర్ణన మాత్రమే. ఆసుపత్రి సైటు తెరిచిన రోగి బంధువుకు కావలసినది ఏ వైద్యుడు ఏ రోజున ఏ వేళకు ఉంటారు, ఫీజు ఎంత, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా, బస్టాండు నుంచి ఎలా రావాలి అన్నవి. అందువల్ల అనుభవం ఉన్న డిజైనర్లు వ్యాసం అడగరు, ప్రశ్నల పట్టిక ఇస్తారు; ఆ ప్రశ్నలను రిసెప్షన్‌లో ఫోను ఎత్తే ఉద్యోగిని అడిగి తయారుచేస్తారు, ఎందుకంటే జనం నిజంగా అడిగేవి ఏమిటో యజమాని కంటే ఆమెకే బాగా తెలుసు. ఫొటోల విషయంలోనూ ఒక మాట ముందే చెప్పడం మంచిది: వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో దారిలోనే కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపితే అసలు పరిమాణంలో చేరుతుంది.

నమూనా చూపిన తర్వాత వచ్చే సూచనల దశ ఓర్పును పరీక్షిస్తుంది. చాలా కుటుంబ వ్యాపారాల్లో డబ్బు ఇచ్చేది గుంటూరులో తండ్రి అయితే, నచ్చిందీ లేనిదీ తేల్చేది డల్లాస్‌లో కొడుకు. తండ్రి పగలు సరేనన్నది కొడుకు రాత్రి కాదంటాడు. ఆమోదించే వ్యక్తి ఒక్కరే ఉండాలనీ, మిగిలినవారి సూచనలన్నీ ఆ ఒక్కరి ద్వారానే రావాలనీ, రెండు విడతల మార్పుల తర్వాత ప్రతి విడతకూ రుసుము ఉంటుందనీ ముందే కాగితం మీద పెట్టడం మర్యాదకు లోపం కాదు. ‘లోగో ఇంకాస్త పెద్దది చెయ్యండి’ అన్న మాటను చులకన చేసి జోకులు వేసుకోవడం డిజైనర్లకు సరదా కావచ్చు గానీ, ఆ మాట వెనుక చాలాసార్లు నిజమైన ఫిర్యాదే దాగి ఉంటుంది: పుట తెరవగానే ఇది ఎవరి సైటో తెలియడం లేదు. దానికి మందు లోగోను పెంచడం కాక, సంస్థ పేరునూ ఊరునూ పైభాగంలో తెలుగులో స్పష్టంగా రాయడం కావచ్చు. రంగుల వాదానికైతే అంకెల సాయం ఉంది. వెబ్ అందరికీ అందుబాటులో ఉండడానికి 2008లో రూపొందిన అంతర్జాతీయ మార్గదర్శకాలు అక్షరాల రంగుకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు నిష్పత్తి మామూలు పాఠానికి కనీసం 4.5, పెద్ద అక్షరాలకు 3 ఉండాలంటాయి. దుకాణం బోర్డు మీదున్నట్టే ముదురు ఎరుపు కాని శుద్ధ ఎరుపు మీద పసుపు అక్షరాలు కావాలని పట్టుబట్టే క్లయింటుకు, ఆ జంట నిష్పత్తి సుమారు 3.7 అనీ, అంటే శీర్షికకు సరిపోతుంది, వివరాలకు సరిపోదనీ చూపించవచ్చు. అభిరుచి మీద తీర్పు చెప్పినట్టు కాకుండా, కొలిచి చెప్పినట్టు ఉంటుంది, పెద్దమనిషి నొచ్చుకోడు.

సైటు ప్రారంభానికి ముహూర్తం పెట్టించుకోవడం తెలుగునాట సహజం. దానికి డిజైనరు చేయవలసిన ఏర్పాటు ఒకటుంది. డొమైన్ పేరు ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే చిరునామా పట్టికను డీఎన్ఎస్ అంటారు. ఆ పట్టికలోని ప్రతి నమోదుకూ దాన్ని మధ్యలోని యంత్రాలు ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవచ్చో తెలిపే గడువు ఉంటుంది. ఆ గడువు 86400, అంటే ఒక రోజుగా ఉన్నప్పుడు ముహూర్తం వేళకు చిరునామా మారిస్తే, కొబ్బరికాయ కొట్టిన చోట కొత్త సైటూ, అతిథుల ఫోన్లలో పాత సైటూ కనిపించే అవకాశం ఉంది. రెండు రోజుల ముందే గడువును 300 సెకన్లకు తగ్గించి ఉంచితే ఐదు నిమిషాల తేడాతో పని జరిగిపోతుంది, వర్జ్యం రాకముందే.

ఇక యాజమాన్యం. చెల్లించినవారిదే సొత్తు అని క్లయింట్లు నమ్ముతారు, చట్టం అంత సూటిగా లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య కృతుల్లో చేర్చింది. 17వ సెక్షన్ ప్రకారం కృతికర్తే తొలి యజమాని. జీతానికి పనిచేసే ఉద్యోగి రాసినదైతే హక్కు సంస్థకు చేరుతుంది గానీ, బయటి డిజైనరు కాంట్రాక్టుపై రాసిన కోడ్‌కు ఆ వెసులుబాటు లేదు. విచిత్రమేమిటంటే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు మాత్రం అదే సెక్షన్ తీయించుకున్నవారిని యజమానిగా గుర్తిస్తుంది. ఒకే పుటలో ఫొటో క్లయింటుది, దాన్ని చూపే కోడ్ డిజైనరుది. హక్కులు చేతులు మారాలంటే 19వ సెక్షన్ కోరినట్టు సంతకంతో కూడిన రాత ఉండాలి. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశమనీ చట్టమే అనుకుంటుంది. విదేశాల్లో శాఖలు తెరవాలనుకునే సంస్థలు ఈ రెండు ఖాళీలను పూరించకుండా వదలకూడదు. 18 శాతం జీఎస్టీ చెప్పిన ధరలో కలిసి ఉందో లేదో కూడా అదే కాగితంలో ఉండాలి.

కోడ్ కంటే ముందు తేల్చవలసింది డొమైన్ సంగతి. ‘అవన్నీ మీరే చూసుకోండి’ అని క్లయింటు అనడం, డిజైనరు తన సొంత ఖాతాలో తన ఈమెయిలుతో పేరు నమోదు చేయడం నిత్యం జరిగేవే. నాలుగేళ్లకు ఆ డిజైనరు వృత్తి మారినప్పుడో, ఈమెయిలు వాడటం మానేసినప్పుడో రెన్యువల్ హెచ్చరికలు ఎవరికీ చేరవు. డాట్‌కామ్ పేర్లకు గడువు తీరాక కూడా 45 రోజుల వరకు మామూలు రుసుముతో పొడిగించే వీలు రిజిస్ట్రార్‌ను బట్టి ఉండవచ్చు. ఆ తర్వాత వచ్చే 30 రోజుల విమోచన కాలంలో చాలా ఎక్కువ సొమ్ము కట్టాలి. అదీ దాటితే కొద్ది రోజుల్లో ఆ పేరును లోకంలో ఎవరైనా కొనుక్కోవచ్చు. కనుక డొమైన్ ఖాతా క్లయింటు పేరుతో, సంస్థలో కనీసం ఇద్దరు చూసే ఈమెయిలుతో, సంస్థ ఫోను నంబరుతో తెరిపించి, డిజైనరు అందులో పని చేయడానికి మాత్రమే అనుమతి తీసుకోవడం ఉత్తమం, అడ్వాన్సు తీసుకున్న రోజునే.