యాన్సీ ఎడమ చెయ్యి

బూగీవూగీ పియానో అంటే చాలామందికి వేగమే. ఎడమ చెయ్యి ఒకే బేస్ వరసను విడవకుండా తిప్పుతుంటే, కుడి చెయ్యి దానిమీద ఇష్టమొచ్చినట్టు ఆడుకుంటుంది. 1938 డిసెంబరులో న్యూయార్క్ కార్నెగీ హాల్లో ఆల్బర్ట్ అమన్స్, మీడ్ లక్స్ లూయిస్, పీట్ జాన్సన్ వాయించాక అమెరికాకి ఆ పిచ్చి పట్టుకుంది. నాకు మాత్రం ఆ ముగ్గురి కంటే, ఆ రోజు వేదిక మీద లేని జిమ్మీ యాన్సీయే ఎక్కువ.

యాన్సీది షికాగో. చిన్నతనంలో వాడెవిల్ అనే ఆటపాటల వినోద ప్రదర్శనల బృందాలతో తిరుగుతూ పాడి, స్టెప్పులేసి, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే యూరప్ వెళ్లొచ్చాడు. తర్వాత ఊరు పట్టుకునే ఉన్నాడు. 1925 నుంచి పాతికేళ్లు వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టు ఆడే కోమిస్కీ పార్కులో మైదానం బాగోగులు చూసే ఉద్యోగం. పియానో ఇళ్లలోనే. అద్దె కట్టలేని నల్లజాతి కుటుంబాలు ఇంట్లో పార్టీ పెట్టి, వచ్చినవాళ్లిచ్చిన చిల్లరతో ఆ నెల గట్టెక్కేవి. అక్కడ పియానో మోగాల్సిందే. అమన్స్, లూయిస్ టాక్సీలు నడుపుకుంటూ యాన్సీని విని నేర్చుకున్నవాళ్లే. లూయిస్ 1936లోనే ‘యాన్సీ స్పెషల్’ రికార్డు చేశాడు. యాన్సీ సొంత రికార్డు 1939లో గానీ రాలేదు.

రాత్రిపూట కీబోర్డు ముందు కూర్చుని యాన్సీ బేస్ సాధన చేస్తుంటాను. స్వరాలు కష్టం కాదు, వాటి మధ్య ఖాళీలే కష్టం. కొన్ని పాటల్లో అతని ఎడమ చెయ్యి క్యూబా హబనేరా నడకలో పోతుంది. మొదటి దెబ్బ కాస్త సాగుతుంది, రెండోది పొట్టిగా తగులుతుంది, ఆపైన రెండూ సమం. ఆ సాగిన చోట చెయ్యి ఊరుకోదు, ఇంకో స్వరం వేసేయమంటుంది. వెయ్యకూడదు. యాన్సీ వెయ్యడు.

ఇంకో సంగతి. ఏ శ్రుతిలో వాయిస్తున్నా ఆఖరి క్షణంలో ‘ఈ-ఫ్లాట్’ (E♭) శ్రుతిలోకి దిగి ముగిస్తాడు. మొదటిసారి వింటే వేరే పాట తోక అతికించారేమో అనిపిస్తుంది. అది చాదస్తమంటే నేనొప్పుకోను. పొట్టకూటికి పియానోను నమ్ముకోనివాడు పాటను తనకు నచ్చిన చోటే దింపుతాడు. ఆ మైదానం ఉద్యోగమే అతని సంగీతాన్ని తొందరపడనివ్వలేదని నా నమ్మకం.

1951 జులైలో, పోవడానికి రెండు నెలల ముందు, అట్లాంటిక్ కంపెనీకి రికార్డు చేశాడు. కొన్ని పాటలు భార్య ఎస్టెల్ పాడింది, అందరికీ ఆవిడ మామా యాన్సీ. అందులో ‘హౌ లాంగ్ బ్లూస్’ ఉంది. కొత్తగా వినేవాళ్లు అక్కడే మొదలుపెట్టండి. అమన్స్, లూయిస్‌ల హోరు తర్వాత వినొచ్చు.